అరిగిన కీలు, చెరిగిన పేర్లు

(పనిచేసిన చేతుల చరిత్ర – 11)

ఈసారి ఒక తలుపు గురించి మాట్లాడుకుందాం.

పోయిన నెల నా పాత విద్యార్థి ఒకడు అమెరికా నుంచి వీడియో కాల్ చేశాడు. సంక్షేమ హాస్టల్లో ఉండి నా దగ్గర డిగ్రీ చదివాడు. ఇప్పుడు డెట్రాయిట్ దగ్గర ఉద్యోగం. జీతంలో మిగిల్చుకున్న డబ్బుతో ఒక పాత పికప్ ట్రక్కు కొన్నాడట. 1951 మోడల్ ఫోర్డ్ ఎఫ్-1. ఫోను తలుపు ఎదురుగా పెట్టి, హ్యాండిల్ తిప్పి తెరిచి చూపించాడు. తెరవగానే తలుపు వెనక అంచు జారి కిందకి వేలాడింది. మళ్ళీ వేయాలంటే చేత్తో పైకెత్తి నెట్టాల్సి వచ్చింది.

"బుష్ పోయింది మేడం" అన్నాడు నవ్వుతూ.

ఆ మాట వాడికి ఎక్కడిదో నాకు తెలుసు. వాళ్ళ నాన్న మా టౌన్లో ఒక టింకరింగ్ షెడ్డులో ముప్పై ఏళ్ళు పనిచేశాడు. ఏ లారీ తలుపు వేలాడినా, ఏ జీపు తలుపు బిగుసుకుపోయినా ఆయన చెయ్యి పడాల్సిందే. షెడ్డు బోర్డు మీద మాత్రం ఓనరు ఇంటిపేరు ఉండేది. బిల్లు పుస్తకం మీదా అదే పేరు. వీడు సెలవుల్లో నాన్నకి గ్రీజు డబ్బా అందిస్తూ పెరిగాడు.

"వేసవిలో ఇక్కడ పాత బళ్ళ ప్రదర్శన ఉంది మేడం. బండి ముందు ఒక చిన్న బోర్డు పెట్టాలి. ఏ సంవత్సరం, ఏ ఇంజను, రంగు అసలుదేనా కాదా, ఎవరు బాగుచేశారు, ఇవన్నీ రాస్తారు. నాకు దాని మీద ఇంకో రెండు ముక్కలు రాయాలని ఉంది. ఏం రాయమంటారు?"

వెంటనే చెప్పలేకపోయాను. వాడికి చెప్పాల్సిన జవాబే ఈ వ్యాసం.

ముందు ఆ కీలు సంగతి చూద్దాం. యంత్రం అర్థం కాకుండా దాని చరిత్ర అర్థం కాదు.

తలుపు కీలులో రెండు రెక్కలుంటాయి. ఒకటి బండి స్తంభానికి, ఇంకొకటి తలుపుకి బోల్టులతో బిగించి ఉంటుంది. రెండు రెక్కల చివర్లూ గొట్టాల్లా ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి. వాటి మధ్యలోంచి ఒక ఉక్కు పిన్ను దిగుతుంది. పిన్ను ఒక రెక్కలో కదలకుండా బిగిసి ఉండాలి, రెండో రెక్క దాని చుట్టూ తిరగాలి. తలుపుకి ఇలాంటి కీళ్ళు రెండు, పైన ఒకటి, కింద ఒకటి. తలుపు బరువంతా ఈ రెండు పిన్నుల మీదే. తలుపు తెరిచి ఉన్నప్పుడు ఆ బరువు పై కీలుని బయటికి లాగుతుంది, కింది కీలుని లోపలికి నెడుతుంది. బండి దిగేవాడు తలుపు మీద చెయ్యేసి ఒరిగితే ఆ భారమూ వాటి మీదే.

డెబ్బై ఏళ్ళు ఇలా నడిస్తే ఏమవుతుంది? గ్రీజు ఎండిపోతుంది. దుమ్ము చేరి ఆకురాయిలా పనిచేస్తుంది. పిన్ను అన్ని వైపులా సమానంగా అరగదు. బరువు ఏ వైపు పడిందో ఆ వైపే అరుగుతుంది, అక్కడ గాడి పడుతుంది. గుండ్రంగా ఉండాల్సిన కంత కోడిగుడ్డు ఆకారంలోకి మారుతుంది. మనవాడు ఊడదీసిన పిన్ను ఫొటో పంపాడు. ఒక పక్క కొత్తదానిలా మెరుస్తోంది. ఇంకో పక్క కొరికేసినట్టుంది.

దీన్ని బాగుచేయటానికి రెండు దారులున్నాయి.

ఒకటి తేలిక దారి. తలుపు గొళ్ళెం తగులుకునే ముక్క ఒకటి స్తంభానికి ఉంటుంది. దాన్ని కాస్త కిందకి జరిపి బిగిస్తే చాలు. తలుపు వేలాడుతూనే ఉంటుంది కానీ మూసుకుంటుంది. కొన్నవాడికి తేడా తెలియదు. అమ్మేవాడు చేసే పని ఇదే.

రెండోది అసలు దారి. తలుపు కింద చెక్కముక్క పెట్టి జాకీతో ఆనిస్తారు. కీలు ఎక్కడ ఉందో స్తంభం మీద గీత గీసుకుంటారు. బోల్టులకి తుప్పు వదిలే నూనె పట్టించి ఒక రాత్రి నాననిస్తారు. పంచ్ పెట్టి సుత్తితో పాత పిన్ను దించుతారు. తర్వాత అరిగిన కంతని గుండ్రంగా, కాస్త పెద్దదిగా చేసి, లావుపాటి పిన్ను గానీ, ఇత్తడి బుష్ వేసి కొత్త పిన్ను గానీ ఎక్కిస్తారు. రెండు రెక్కల కంతలూ ఒకే వరసలో ఉండేలా కలిపి రీమర్ తిప్పాలి. కంటి అంచనాతో ఆకురాయి పడితే కంత పక్కకి పోతుంది, ఇక ఆ తలుపు ఎన్నటికీ సరిగ్గా కూర్చోదు. కోడిగుడ్డు కంతలో కొత్త పిన్ను దించినా లాభం లేదు. అన్నీ అయ్యాక గ్రీజు పెట్టి, గీసుకున్న గీత ప్రకారం బిగించి, తలుపు చుట్టూ సందు సమానంగా ఉందో లేదో చూసుకుంటారు.

ఇక్కడ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. పిన్ను ఉక్కుది, బుష్ ఇత్తడిది. ఇత్తడి మెత్తన. ఇది పొరపాటు కాదు, కావాలని చేసిన ఏర్పాటు. రెండు లోహాలు రాసుకుంటే ఏదో ఒకటి అరగక తప్పదు. చవకగా దొరికేది, తేలిగ్గా మార్చుకోగలిగేది అరగాలి, ఖరీదైనది మిగలాలి. ఎవరు అరగాలో బండి కదలకముందే నిర్ణయమైపోయింది.

ఇప్పుడు ఆ బండి పుట్టిన చోటికి వెళ్దాం.

ఫోర్డ్ కంపెనీ 1913లో డెట్రాయిట్ పక్కనున్న హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో కదిలే అసెంబ్లీ లైను పెట్టింది. అదే సంవత్సరం జూలైలో బాబాసాహెబ్ అంబేద్కర్ కొలంబియా విశ్వవిద్యాలయంలో చదవటానికి న్యూయార్క్‌లో దిగారు. 1914 జనవరిలో ఫోర్డ్ రోజుకి 5 డాలర్ల జీతం, 8 గంటల పని అని ప్రకటించింది. ప్రపంచమంతా మెచ్చుకుంది. ఆ జీతం వెనక ఒక షరతు ఉంది. కంపెనీలో ఒక ప్రత్యేక విభాగం కార్మికుల ఇళ్ళకి మనుషుల్ని పంపి, ఎలా బతుకుతున్నారో, తాగుతున్నారో లేదో, డబ్బు దాస్తున్నారో లేదో చూసి, అర్హులని తేలినవాళ్ళకే పూర్తి జీతం ఇచ్చేది. 1925లో ఇదే కంపెనీ మోడల్ టి బండికి వెనక తొట్టి అమర్చి 281 డాలర్లకి అమ్మింది. ఫోర్డ్ ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చిన మొదటి పికప్ అది. ఆ వంశంలోదే 1948 జనవరిలో మార్కెట్లోకి వచ్చిన ఎఫ్ సిరీస్. మనవాడి బండి ఆ మొదటి తరానిది.

ఈ కంపెనీ గుండెకాయ డియర్‌బార్న్ పట్టణంలోని రివర్ రూజ్ కర్మాగారం. ఒక వైపు నుంచి ఓడల్లో ముడి ఇనుము, బొగ్గు వచ్చేవి. ఇంకో వైపు నుంచి తయారైన కార్లు వెళ్ళేవి. 1920ల చివరికి అందులో లక్షమందికి పైగా పనిచేసేవారు. దక్షిణాది పత్తి పొలాల నుంచీ, అక్కడి మూకహత్యల నుంచీ తప్పించుకుని ఉత్తరాదికి వలస వచ్చిన నల్లజాతి జనానికి డెట్రాయిట్‌లో పని ఇచ్చిన పెద్ద కంపెనీ ఫోర్డే. 1920ల మధ్యకే అక్కడ సుమారు 10,000 మంది నల్లజాతి కార్మికులు ఉన్నారు. మిగతా కార్ల కంపెనీలు ఇంతమందిని దగ్గరికి రానివ్వలేదు. ఇది నిజం, ఒప్పుకోవాలి.

కానీ ఎక్కడ పని ఇచ్చింది? కొద్దిమందికి నైపుణ్యం ఉన్న పనులు కూడా దొరికాయి. ఎక్కువమందికి దొరికింది ఫౌండ్రీ. ఇనుము కరిగించి అచ్చుల్లో పోసే చోటు. కరిగిన లోహం సెగ, ఇసుక అచ్చులు పగలగొట్టినప్పుడు లేచే ధూళి, ఊపిరితిత్తుల్లో పేరుకునే సిలికా. తెల్లవాళ్ళు తప్పించుకోగలిగితే తప్పించుకునే పని. ఆ పనిలోకి వెళ్ళటానికి కూడా సిఫార్సు ఉత్తరం కావాలి. అది నల్లజాతి చర్చిల పాస్టర్లు ఇవ్వాలి. పాస్టరు చెప్పిన మాట వినేవాడికి, యూనియన్ జోలికి పోనివాడికి ఉత్తరం దొరికేది. కంపెనీ ఇచ్చింది ఉద్యోగం, పట్టుకుంది విశ్వాసాన్ని.

ఇంకో సంగతి. ఫ్యాక్టరీ ఉన్న డియర్‌బార్న్‌లో నల్లజాతి వాళ్ళకి ఇల్లు దొరకదు. పగలు అక్కడ ఇనుము పోసి, రాత్రికి డెట్రాయిట్‌కో ఇంక్‌స్టర్‌కో వెళ్ళిపోవాలి. 1942 నుంచి 1978 దాకా ఆ పట్టణానికి మేయరుగా ఉన్న ఆర్విల్ హబర్డ్ ఈ వేర్పాటుని దాచుకోకుండా బహిరంగంగానే సమర్థించాడు. ఊరికి పని కావాలి, మనిషి వద్దు. వెలివాడల నుంచి వచ్చిన మనకి ఇది వేరే విప్పి చెప్పాలా?

1932 మార్చి 7న పని పోయిన వేలమంది కార్మికులు డెట్రాయిట్ నుంచి రూజ్ కర్మాగారానికి ఊరేగింపుగా వెళ్ళారు. ఉద్యోగాలివ్వమన్నారు. పనిలో, సాయంలో, వైద్యంలో నల్లజాతివాళ్ళ పట్ల వివక్ష చూపవద్దని కూడా వాళ్ళ డిమాండ్లలో ఉంది. పోలీసులూ కంపెనీ కాపలాదార్లూ కాల్పులు జరిపారు. నలుగురు చనిపోయారు. వాళ్ళని వుడ్‌మియర్ శ్మశానంలో పూడ్చిపెట్టారు. ఆ రోజు గాయపడిన కర్టిస్ విలియమ్స్ కొన్ని నెలల తర్వాత చనిపోయాడు. ఆయన నల్లజాతి మనిషి. మిగతా నలుగురి పక్కన ఆయన్ని పూడ్చటానికి అదే శ్మశానం ఒప్పుకోలేదు.

ఒకే తూటాల కింద నిలబడ్డవాళ్ళు ఒకే మట్టిలో పడుకోలేకపోయారు. శవాన్ని మోసుకుని దారి కోసం, ఆరడుగుల నేల కోసం కొట్లాడిన ఊళ్ళు మనకీ తెలుసు.

1941 ఏప్రిల్‌లో రూజ్‌లో పెద్ద సమ్మె జరిగింది. సమ్మె విరగ్గొట్టటానికి కంపెనీ లోపల ఉంచుకున్నవాళ్ళలో ఎక్కువమంది నల్లజాతి కార్మికులు. వాళ్ళని ద్రోహులనటం సులువు. కానీ అంతదాకా వాళ్ళకి తలుపు తెరిచింది కంపెనీ. తెల్ల కార్మికుల సంఘాలు చాలావరకూ మూసినవే. నల్లజాతి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ నాయకుడు వాల్టర్ వైట్ స్వయంగా ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చి బయటికి రమ్మని పిలిచాడు. చివరికి సమ్మె గెలిచింది. జూన్‌లో ఫోర్డ్ యూనియన్‌తో ఒప్పందం మీద సంతకం చేసింది. అదే నెలలో, ఫిలిప్ రాండాల్ఫ్ వాషింగ్టన్ మీదకి జనాన్ని నడిపిస్తానని హెచ్చరించాక, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ రక్షణ పరిశ్రమల్లో వివక్షని నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చాడు.

కీలు బాగుపడిందా? 1943 జూన్‌లో డెట్రాయిట్‌లోనే ప్యాకర్డ్ ఫ్యాక్టరీలో ముగ్గురు నల్లజాతి కార్మికులకి పై పని ఇచ్చారని సుమారు 25,000 మంది తెల్ల కార్మికులు పని ఆపేశారు. అదే నెలలో నగరంలో చెలరేగిన అల్లర్లలో 34 మంది చనిపోయారు, వాళ్ళలో 25 మంది నల్లజాతివాళ్ళు.

ఇక్కడే అంబేద్కర్ గుర్తుకొస్తారు. కులం పనిని మాత్రమే విభజించదని, పనిచేసేవాళ్ళనే విడగొట్టి మెట్లుమెట్లుగా నిలబెడుతుందని 1936లోనే ఆయన వివరించారు. జాతి, కులం ఒకటి కాదు. పుట్టుకా చరిత్రా వేరు. కానీ డెట్రాయిట్ లైను మీద పై మెట్టు మనిషి కింది మెట్టు మనిషిని చూసిన చూపు మనకి కొత్త కాదు. అంబేద్కర్ 1942లో వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడై, త్రిపక్ష కార్మిక సదస్సులో 8 గంటల పనిదినం కోసం నిలబడ్డారు. 1946లో నల్లజాతి మేధావి డూ బోయ్‌కి ఉత్తరం రాశారు. ఐక్యరాజ్యసమితికి నల్లజాతివాళ్ళు ఇచ్చిన వినతిపత్రం ప్రతి పంపమని అడిగారు. ఫోర్డ్ 8 గంటలు ఇచ్చింది ఉత్పత్తి కోసం, ఇంటి మీద నిఘాతో. అంబేద్కర్ అడిగింది హక్కుగా, చట్టంతో. రెండిటికీ ఉన్న తేడా గొళ్ళెం జరపటానికీ కీలు బాగుచేయటానికీ ఉన్న తేడా లాంటిదే.

యూనియన్ వచ్చాక కూడా చాలా ఫ్యాక్టరీల్లో సీనియారిటీని విభాగాల వారీగా లెక్కించారు. ఫౌండ్రీలో పదిహేనేళ్ళు చేసినవాడు వేరే విభాగానికి వెళ్తే అక్కడ అందరికన్నా జూనియర్. లేఆఫ్ వస్తే మొదట పోయేది వాడే. ఇక ఎవడు కదులుతాడు? కాగితం మీద ఎక్కడా రంగు మాట లేదు. బరువు మాత్రం ఆ వైపే పడింది.

మనవాడి బండి తయారైన 1951లోనే రూజ్ కార్మికుల యూనియన్ శాఖ, లోకల్ 600, ఫోర్డ్ మీద కోర్టుకెక్కింది. కంపెనీ పనిని రూజ్ నుంచి వేరే ఊళ్ళకి తరలిస్తోందని అభ్యంతరం. ఆపలేకపోయారు. 1945లో రూజ్‌లో 85,000 ఉద్యోగాలుండేవి. 1954కి 54,000 అయ్యాయి, 1960కి 30,000. బుష్ అరిగితే మారుస్తారు. అవసరం తీరితే తీసి పక్కన పడేస్తారు.

కానీ మనిషి ఇత్తడి ముక్క కాదు కదా. 1968 మేలో హామ్‌ట్రామ్క్‌లోని డాడ్జ్ మెయిన్ ఫ్యాక్టరీలో లైను వేగం పెంచారని నల్ల, తెల్ల కార్మికులు కలిసి పని ఆపారు. శిక్షలు మాత్రం ఎక్కువగా నల్లవాళ్ళకే పడ్డాయి. అక్కడ పుట్టింది 'డ్రమ్' అనే డాడ్జ్ విప్లవ యూనియన్ ఉద్యమం. వాళ్ళు కంపెనీనీ ప్రశ్నించారు, తమ యూనియన్‌నీ ప్రశ్నించారు. ఫోర్‌మన్లు ఎవరు, నైపుణ్యం పనుల్లో ఎవరున్నారు, ఫౌండ్రీలో ఎవరున్నారు అని అడిగారు. నాలుగేళ్ళకి, 1972లో, బొంబాయిలో కొందరు యువకులు అమెరికా బ్లాక్ పాంథర్ల పేరు తీసుకుని దళిత్ పాంథర్స్ పెట్టారు. దూరం ఎంతున్నా, అరిగిన చోటు చూడగానే ఒకరినొకరు గుర్తుపట్టారు.

తెలుగు పాఠం చెప్పేదాన్ని కాబట్టి ఒక్క మాట. తలుపుకి ఉండేదీ కీలే, మోకాలికి ఉండేదీ కీలే. తలుపు కీలు అరిగితే బుష్ మారుస్తారు. ముప్పై ఏళ్ళు లారీ తలుపులెత్తినవాడి కీళ్ళు అరిగితే షెడ్డులో మనిషినే మారుస్తారు. 'కీలకం' అని పత్రికలు రోజూ రాస్తాయి, కీలక నేత, కీలక నిర్ణయం అని. సంస్కృతంలో కీలకం అంటే మేకు, పిన్ను. బరువు మోసే ఆ చిన్న ముక్క. ఆ లెక్కన ఈ దేశంలో నిజంగా కీలకమైనవాళ్ళెవరో మీరే చెప్పండి.

పాత బళ్ళని ప్రేమించేవాళ్ళ మీద నాకు కోపం లేదు. ఒక బోల్టు అసలుదేనా అని తెలుసుకోవటానికి పాత కేటలాగులు తిరగేస్తారు. పెయింటు పొరలు గీకి మొదటి రంగు కనిపెడతారు. ఇది కూడా చరిత్ర రాసే పనే. నా బాధ ఒకటే. రంగు దొరికింది, ఇంజను నంబరు దొరికింది, డిజైనరు పేరు దొరికింది. ఇనుము పోసినవాడి దగ్గరికి వచ్చేసరికి వెతకటం ఆగిపోతుంది.

విద్యార్థి మిత్రులకి ఒక సూచన. చరిత్ర చదివేటప్పుడు మెరిసే వైపు చూసి ఊరుకోవద్దు. పిన్ను ఊడదీసి తిప్పి చూడండి. గాడి ఏ వైపు పడిందో అక్కడ బరువు ఉంది. మీ ఊళ్ళో రైలు వంతెన, ప్రాజెక్టు, కాలేజీ భవనం, ఏదైనా సరే. శిలాఫలకం చదివాక, దాని మీద లేని పేర్లెవరివో పెద్దవాళ్ళని అడిగి రాసుకోండి. ఇప్పుడు అడక్కపోతే పదేళ్ళ తర్వాత చెప్పేవాళ్ళు ఉండరు. ఎవరైనా సమస్య తీరిపోయిందని, తలుపు చక్కగా మూసుకుంటోందని చెబితే, తలుపు తెరిచి అంచు పట్టుకుని ఒకసారి పైకెత్తి చూడండి. ఆడుతోందంటే గొళ్ళెం జరిపారని అర్థం.

మొన్న ఆదివారం వాడికి జవాబు చెప్పాను. బోర్డు మీద రాయటానికి రెండు వాక్యాలు.

"ఈ బండి వెనకున్న ఇనుము కరిగించిన రూజ్ ఫౌండ్రీలో వేలమంది నల్లజాతి కార్మికులు పనిచేశారు, ఆ కర్మాగారం ఉన్న ఊళ్ళో వాళ్ళకి ఇల్లు అద్దెకి దొరికేది కాదు. ఈ తలుపు కీళ్ళు బాగుచేసే పని నాకు మా నాన్న నేర్పాడు."

రెండో వాక్యంలో వాళ్ళ నాన్న పూర్తి పేరు రాయమన్నాను. ఫోన్లో కాసేపు మాట లేదు.

"ఆయన పేరు ఇంతవరకూ ఏ బోర్డు మీదా లేదు మేడం" అన్నాడు.

"అందుకే రాయి నాన్నా" అన్నాను.

తలుపు బిగించేశాడట. ఒక వేలితో నెడితే మూసుకుంటోందట.

జై భీమ్.